వేట, షికారు: పావగడ సీమలో తుపాకి కథ

కర్ణాటకలో అరసికెరె అనగానే చాలామందికి హాసన జిల్లాలోని రైల్వే జంక్షను గుర్తుకొస్తుంది. బెంగుళూరు వేట రచయిత కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) ఒక ఎలుగుబంటి కథ రాసింది ఆ ఊరి దగ్గరి కొండల గురించే. మనం ఇక్కడ చెప్పుకొనే అరసికెరె వేరు. ఇది తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని పల్లె. కన్నడంలో అరసి అంటే రాణి, కెరె అంటే చెరువు. పేరు కన్నడమే అయినా పావగడ తాలూకా పల్లెల్లో తెలుగు విస్తారంగా వినిపిస్తుంది. తాలూకా సరిహద్దు చాలావరకు ఆంధ్రప్రదేశ్‌ను ఆనుకొని ఉంది. వానలు తక్కువ, రాళ్ల గుట్టలు ఎక్కువ, వేరుశనగ పండే మెట్ట నేల. ఇటువంటి సీమలో తుపాకికి ఒక చరిత్ర ఉంది. అది ఆండర్సన్ వంటివారి పుస్తకాల్లో కనిపించే చరిత్ర కాదు.

ఈ తేడాను మన భాషే పట్టి ఇస్తుంది. తెలుగులో వేట అనే మాట ప్రాచీనం. షికారు పారశీకం నుంచి వచ్చింది. వేటలో తిండి, పంట కాపుదల, కులవృత్తి ఇమిడి ఉన్నాయి. షికారు సరదాకు పోయేది. నేడు ఊరికే తిరిగి రావడాన్ని కూడా షికారు అంటున్నాం. వేటకు ఆ అర్థం ఎన్నడూ రాలేదు.

వేటను వృత్తిగా చేసుకున్న బోయల ప్రస్తావన తెలుగు శాసనాల్లో తొలినుంచీ ఉంది. క్రీ.శ. 848 నాటిదని చెప్పే పండరంగని అద్దంకి శాసనం పన్నెండు బోయకొట్టములను పేర్కొంటుంది. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని తిన్నడు బోయ యువకుడే. అతని చేతిలో ఉన్నది విల్లు. కన్నడ సీమలో వీరినే బేడరులు, నాయకులు అంటారు. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం వీరిలో ఊరబోయలు, మ్యాసబోయలు అనే రెండు శాఖలను వివరించింది. హైదరు, టిప్పు సైన్యాల్లో బేడరులు సిపాయిలుగా పనిచేశారు. విల్లు పట్టిన చేతికి తుపాకి కొత్త కాలేదు.

తుపాకి అన్న మాట తుర్కీ మూలం గలది. పల్లెల్లో నాటు తుపాకి అనేది గొట్టం ముందు నుంచి నింపేది. ముందు మందు పోయాలి, తరువాత గుడ్డపీచో కాగితమో కూరాలి, ఆపై సీసపు రవ్వలో గుండో వేసి ఇనుప కడ్డీతో దట్టించాలి. వెనుక వైపున చిన్న రాగి టోపీ పెడితే సుత్తి దెబ్బకు నిప్పు పుడుతుంది. 19వ శతాబ్ది తొలి భాగంలో ఈ టోపీలు రాకముందు చెకుముకి రాయో, కాలే తాడో ఆ పని చేసేవి. ‘మందు దట్టించడం’ అన్న పలుకుబడి ఈ పనినుంచే పుట్టింది. ఒక దెబ్బ తప్పితే మళ్లీ నింపేలోగా పంది పొలం దాటిపోతుంది.

మందుకు కావలసినవి మూడు: సూరేకారం, గంధకం, బొగ్గు. చౌడు మట్టిని నీటిలో నానబెట్టి, వడగట్టి, కాచి ఉప్పునూ సూరేకారాన్నీ తీయడం ఉప్పరుల పనుల్లో ఒకటి. బొగ్గుకు జిల్లేడు వంటి తేలిక కట్టె ఉపయోగించేవారు. గంధకం అంగడిలో కొనవలసిందే. ఈ మందు కాలాక గొట్టంలో మిగిలే మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. కనుక పేల్చిన తరువాత నీటితో కడిగి, ఆరబెట్టి, నూనె పూయాలి. కొన్నాళ్లు ఏమరితే తుప్పు పట్టిన గొట్టం పేల్చినవాడి చేతిలోనే పగిలే ప్రమాదం ఉంది.

షికారు చేసేవారి ఆయుధం వేరు. ఆండర్సన్ ఎక్కువగా వాడినది పాయింట్ 405 వించెస్టర్ రైఫిలు. దాని తూటాలు కర్మాగారంలో తయారై దుకాణానికి రావాలి. పల్లెలకు తెలిసిన పన్నెండు బోరు తుపాకి కొలతకు వెనుక కూడా గుండ్ల లెక్కే ఉంది: గొట్టానికి సరిపోయే సీసపు గుండ్లు పన్నెండైతే ఒక పౌను తూగుతాయి.

చట్టం కూడా ఈ రెండు లోకాలను వేరుగానే చూసింది. బ్రిటిష్ ఇండియాలో 1878 ఆయుధాల చట్టం లైసెన్సును తప్పనిసరి చేసి, ఐరోపా వారికి మినహాయింపులిచ్చింది. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు సభ ఈ చట్టంపై తీర్మానం చేసింది. మైసూరు సంస్థానం 1901లో వేట జంతువులు, చేపల రక్షణకు తన చట్టం తెచ్చుకొంది. స్వతంత్ర భారతంలో 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను ఒక ఆసక్తికరమైన విభజన చేసింది. ఆత్మరక్షణకు, క్రీడకు 20 అంగుళాలకు తగ్గని గొట్టం గల నున్నటి తుపాకి. నిజమైన పంట కాపుదలకు ముందునుంచి మందు దట్టించే తుపాకి. నాటు తుపాకి రైతు పనిముట్టు అన్న లోకజ్ఞానం ఈ విధంగా చట్టంలోకి ఎక్కింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత కూడా కొన్ని జంతువుల వేటకు కొంతకాలం లైసెన్సులుండేవి. 1991 సవరణతో అవీ పోయాయి. సరదా వేట ముగిసింది. అది మంచికే. పావగడకు పొరుగున మధుగిరి తాలూకాలో జయమంగలి కృష్ణజింకల ప్రాంతం 2007లో రక్షిత ప్రాంతమై నిలిచిందంటే ఈ చట్టాలే కారణం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. అయితే షికారుకు పోయినవాడు పోగొట్టుకొన్నది ఒక కాలక్షేపం. మెట్ట రైతు పోగొట్టుకొన్నది పొలం కాచే సాధనం. అడవి పంది వేరుశనగ చాలును ఒక్క రాత్రిలో పెళ్లగించి పోతుంది. దాన్ని కొట్టడానికి ఇప్పుడు అధికారుల అనుమతి కావాలి. జింకలను కాపాడాలనే ధర్మమూ, పంట కాపాడుకోవాలనే అవసరమూ ఒకే చేనులో ఎదురుపడ్డాయి. రెండింటిలో ఏదీ అబద్ధం కాదు.

షికారు చేసినవారు ఇంగ్లీషులో పుస్తకాలు రాసుకొన్నారు. పొలం కాచినవారు రాయలేదు. వారి చరిత్ర మాటల్లోనే మిగిలింది. పందిని మంచె మీదినుంచి కాయడానికి, మందు కొలవడానికి, గొట్టం తుడవడానికి పెద్దలు వాడిన పదాలు కన్నడం, ఉర్దూ కలిసిన తెలుగులో ఉన్నాయి. అటువంటి మాటలు నిఘంటువుల్లో అన్నీ దొరకవు. పావగడ, మధుగిరి, మడకశిర ప్రాంతాలనుంచి వచ్చిన విద్యార్థులు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వాటిని అడిగి, ఊరి పేరుతో సహా రాసి తెస్తే, రాజుల వేటల గురించి రాసినంత వివరంగా ఈ సీమ వేట గురించీ రాయడానికి వీలవుతుంది.