గన్నేరు: ఒక పేరు, నాలుగు మొక్కలు

సంస్కృతంలో కరవీరం, ప్రాకృతంలో కణవీరం, హిందీలో కనేర్, తెలుగులో గన్నేరు. అమరకోశం దీనికి ఇంకో పేరూ చెప్పింది: హయమారకం, అంటే గుర్రాన్ని చంపేది. ఆకు, పువ్వు, కాండం, వేరు, పాలు అన్నిటా విషమే. అందులోని ఒలియాండ్రిన్ గుండె లయను దెబ్బతీస్తుంది.

లిన్నేయస్ 1753లో దీన్ని నీరియమ్ ఒలియాండర్ అన్నాడు. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే. తెలుగువాళ్లు మాత్రం గన్నేరు పేరును మరికొన్ని మొక్కలకూ పంచారు. అమెరికా ఖండం నుంచి వచ్చినవి పచ్చగన్నేరు, దేవగన్నేరు అయ్యాయి. మడగాస్కర్ నుంచి వచ్చినది బిళ్ళగన్నేరు. క్యాన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ దాని నుంచే తీశారు. విశేషమేమిటంటే, వృక్షశాస్త్రం లెక్కలోనూ ఈ నాలుగూ ఒకే కుటుంబం, అపోసైనేసి. చూపుతోనే చుట్టరికం పట్టేసిన మన పెద్దల పరిశీలనకు చేతులెత్తి మొక్కాలి!

గన్నేరు ఎండకు, నీటి ఎద్దడికి తట్టుకుంటుంది, పశువులు సాధారణంగా ముట్టవు. జాతీయ రహదారుల మధ్య వరుసగా నాటేది అందుకే. ఇంట్లో పెంచాలంటే వానాకాలంలో కొమ్మ గుచ్చితే చాలు, బతుకుతుంది. పూత అయ్యాక కత్తిరిస్తే గుబురుగా పెరుగుతుంది. కత్తిరించేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి, తర్వాత చేతులు కడుక్కోండి. కొమ్మలను మంటలో వేయకండి, పొగ కూడా ప్రమాదమే. పసిపిల్లలు ఆడుకునే చోట, పశువులను కట్టేసే చోట మాత్రం నాటనే వద్దు.