మూత కింద నీళ్లు: కారు కూలింగ్ పరీక్షల కథ

కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ పొందిన మూడు చక్రాల బండిలో నీళ్లు మరగడం లోపం కాదు, దాని పద్ధతే అది. సిలిండర్ చుట్టూ ఉన్న నీళ్లు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోయేవి. తగ్గినప్పుడల్లా మళ్లీ పోసుకోవాలి. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్లు దాటి వెళ్లినప్పుడు దారి పొడవునా నీళ్ల కోసం ఆగాల్సి వచ్చింది. ఆ రోజుల్లో చూడటానికి కళ్లు, నింపడానికి బకెట్టు ఉంటే సరిపోయేది. తర్వాత ఆ నీళ్లకు మూత పడింది. మూత బిగుసుకున్నకొద్దీ లోపలి సంగతి బయటి నుంచి తెలుసుకునే పనిముట్లు పుట్టుకొచ్చాయి. ఈరోజు ఏ టెస్టర్ కొనాలో తేల్చుకోవాలన్నా ఆ వరస తెలిసుండటం మంచిది.

మొదటి పెద్ద మలుపు విల్‌హెల్మ్ మేబాక్‌ది. 1900 చివర్లో తయారైన 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌కు ఆయన తేనెపట్టు రేడియేటర్ అమర్చాడు. అందులో ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070. గాలి తగిలే వైశాల్యం అంత పెరగడంతో తొమ్మిది లీటర్ల నీళ్లతోనే పని జరిగింది. అంటే అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరిగి చల్లబడతాయి. అయినా మూత వదులుగానే ఉండేది. 1910లలో రేడియేటర్ మూత మీద బిగించే బోయిస్ మోటోమీటర్ వచ్చింది. అది థర్మామీటరే. డ్రైవరు తన సీట్లోంచే చూసి, నీళ్లు మరిగేలోపే బండి ఆపుకోగలిగాడు.

చలి దేశాల్లో నీళ్లు గడ్డకట్టి ఇంజన్ బ్లాకు పగలకుండా ఆల్కహాల్ కలిపేవారు. వేడికి అది త్వరగా ఎగిరిపోయేది. 1927లో అమెరికాలో ప్రెస్టోన్ పేరుతో ఇథిలీన్ గ్లైకాల్ అమ్మకానికి వచ్చింది. అది అంత తేలిగ్గా ఆవిరి కాదు. నా ఉద్దేశంలో లీకును పట్టించుకోవడం అలవాటు చేసింది ఈ మందే. ఊరికే దొరికే నీళ్లు చుక్కచుక్కగా కారితే ఎవరికి పట్టింది? డబ్బు పెట్టి కొన్నది కారితే మాత్రం ఎక్కడ కారుతోందని వెతుకుతారు.

అసలు చిక్కు ఒత్తిడిని లోపలే బంధించే మూత, ప్రెషర్ క్యాప్‌తో వచ్చింది. ఒత్తిడి ఒక పీఎస్ఐ పెరిగితే నీళ్లు మరిగే వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. పదిహేను పీఎస్ఐ క్యాప్ కింద ఉత్త నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. ఇంజన్‌కు ఇది వరమే. మెకానిక్‌కు మాత్రం చల్లగా ఉన్నప్పుడు కనిపించని లీకు, రోడ్డు మీద ఒత్తిడి ఎక్కాకే బయటపడుతుంది. అందుకే చేతిపంపు టెస్టర్ పుట్టింది. ఇంజన్ చల్లారాక క్యాప్ తీసి, ఆ మూతికి సరిపోయే అడాప్టర్ బిగించి, క్యాప్ మీద రాసినంత ఒత్తిడి దాకా కొట్టి వదిలేస్తారు. మన బండ్ల క్యాప్‌ల మీద 0.9 అనో 1.1 అనో (సుమారుగా బార్‌లలో) ఉంటుంది. అంతకు మించి కొడితే ప్లాస్టిక్ ట్యాంకు పగలొచ్చు. పది పదిహేను నిమిషాల్లో ముల్లు దిగితే లీకు ఉన్నట్టే. వాటర్ పంప్ కింది చిన్న రంధ్రం దగ్గర ఎండిన కూలెంట్ రంగు పొక్కు కట్టి ఉందేమో టార్చి వేసి చూడాలి. క్యాప్‌నూ అదే పంపుకు తగిలించి పరీక్షించాలి. చాలామంది దాటేసే పని ఇదే.

మన దగ్గర పూర్తిగా సీల్ చేసిన కూలింగ్ ఆలస్యంగా వచ్చింది. అంబాసిడర్ల కాలంలో ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లు డిక్కీలో నీళ్ల డబ్బా పెట్టుకునేవారు, తువ్వాలు అడ్డం పెట్టి మూత తిప్పేవారు. ఐరోపాలో 1961 నాటి రెనో 4లోనే సీల్ చేసిన కూలింగ్ సిస్టమ్ ఉంది.

తర్వాత బోనెట్లు కిందికి దిగాయి. రేడియేటర్ ఇంజన్ తల కంటే కిందికి పోయింది. పైనుంచి పోస్తే గాలి హెడ్‌లోనో హీటర్ పైపుల్లోనో చిక్కుకుంటుంది. సెన్సార్‌కు కూలెంట్ తగలక గేజి మామూలుగానే చూపిస్తుంటే లోపల హెడ్ కాలిపోతుంటుంది. దీనికి మందుగా వ్యాక్యూమ్ ఫిల్లర్ వచ్చింది. కంప్రెసర్ గాలిని ఇరుకు దారిలో వేగంగా పోనిస్తే పక్కనున్న గాలిని లాక్కుపోతుంది. ఆ వెంచురీ సూత్రంతోనే ఇది పనిచేస్తుంది. వ్యాక్యూమ్ గేజి ముల్లు 24, 25 అంగుళాలకు (పాదరసం లెక్కలో) చేరేసరికి హోస్ పైపులు స్ట్రాతో పీల్చేసిన ఫ్రూటీ ప్యాకెట్టులా ముడుచుకుంటాయి. కాసేపు ముల్లు కదలకపోతే వాల్వ్ తెరుస్తారు. కూలెంట్ డబ్బాలోంచి తనంతట తానే ఎక్కుతుంది, పైపులు మళ్లీ గుండ్రంగా లేస్తాయి. ఇంజన్ వేడిగా ఉండగా ఈ పని చేయకూడదు. ఆ వ్యాక్యూమ్‌లో నీళ్లు 56 డిగ్రీల దగ్గరే మరుగుతాయి.

ముల్లు నిలిచింది కాబట్టి లీకు లేదని, ప్రెషర్ టెస్ట్ అక్కర్లేదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. 25 అంగుళాలంటే సుమారు 0.85 బార్. లెక్కలో క్యాప్ ఒత్తిడికి దగ్గరే, దిశ మాత్రం తిరగబడింది. లోపలికి లాగితే క్లిప్పు కింద చిట్లిన హోస్ అతుక్కుని చీలిక మూసుకుపోవచ్చు. బయటికి నెడితే అదే తెరుచుకుంటుంది. హెడ్ గాస్కెట్ అనుమానమైతే ఈ రెండింటికంటే నీలం ద్రవం ఉన్న గొట్టం నయం. రేడియేటర్ మూతి దగ్గరి ఆవిరిని దానిగుండా పీలిస్తే, మండిన వాయువు ఉన్నప్పుడు పెట్రోలు బండిలో పసుపు తిరుగుతుంది.

కాబట్టి చిన్న షెడ్డుకు ముందు చేతిపంపు టెస్టర్. పంపు కంటే దాని అడాప్టర్లే చూసి కొనాలి, కంపెనీ కంపెనీకీ ట్యాంకు మర వేరు. వ్యాక్యూమ్ ఫిల్లర్ తర్వాత, అదీ ఆరు బార్ గాలిని ఆగకుండా ఇవ్వగల కంప్రెసర్ ఉంటేనే. కొన్నాక హైదరాబాదు మెకానిక్ సముద్ర తీరంలోని విశాఖ వాళ్ల వ్యాక్యూమ్ అంకె కోసం ఎదురుచూడకూడదు. సుమారు 540 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడే తక్కువ, ముల్లు దాదాపు రెండు అంగుళాలు ముందే ఆగుతుంది. బ్యాటరీకి, మోటారుకు వేర్వేరు కూలెంట్ దారులున్న ఎలక్ట్రిక్ కార్లు తరచూ వచ్చే షెడ్డుకైతే ఈ వరస మారుతుంది. అక్కడ గాలి చిక్కే మలుపులు ఎక్కువ, వ్యాక్యూమ్ ఫిల్లర్‌ను రేపటికి వాయిదా వేయలేం.