పక్క లైను మాత్రమే చూసే యునిక్

యునిక్స్‌లో 'యునిక్' అనే బుల్లి కమాండ్ ఉంది. ఒకటికి రెండుసార్లు వచ్చిన లైన్లను తీసేయడం దాని పని. కానీ అది ప్రతి లైన్నీ దాని ముందు లైనుతో మాత్రమే పోల్చి చూస్తుంది. గోదావరి, కృష్ణ, గోదావరి అని వరసగా ఇస్తే మూడూ అలాగే బయటికొస్తాయి. రెండు గోదావరులూ పక్కపక్కన ఉంటేనే ఒకటి పోతుంది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకెంత ముచ్చటేసిందో! లోపంలా కనిపించే ఆ గుణంలో ఒక కాలపు తెలివంతా ఉంది.

యునిక్ 1973లో యునిక్స్ మూడో కూర్పుతో వచ్చింది. అప్పటి బెల్ ల్యాబ్స్ యంత్రాల మెమరీ కిలోబైట్ల లెక్కన ఉండేది. ఫైలంతా గుర్తుంచుకోవడం కుదరని పని. ఒక్క లైను గుర్తుంచుకుంటే చాలనుకుంటే మాత్రం ఎంత పొడుగు ఫైలైనా నడిచిపోతుంది. ఒకేలాంటివాటిని పక్కపక్కకు చేర్చే బాధ్యత 'సార్ట్'ది. ఒక ప్రోగ్రాం ఫలితాన్ని నేరుగా మరో ప్రోగ్రాంకు అందించే పైపులు కూడా ఆ కూర్పులోనే వచ్చాయి. బెల్ ల్యాబ్స్‌లోని డగ్ మెకిల్‌రాయ్ వాటిని ఏళ్ల తరబడి అడిగి సాధించుకున్నాడు. దాంతో సార్ట్ వెనకే యునిక్ నడవడం మొదలైంది.

1975లో అక్కడే స్టీవ్ జాన్సన్ స్పెల్లింగ్ తప్పులు పట్టే ప్రోగ్రాంను ఒక్క మధ్యాహ్నంలో రాసేశాడు. పదాలు విడదీయడం, సార్ట్, యునిక్, ఆపైన నిఘంటువుతో పోలిక, అంతే. యునిక్స్ గురించిన 1982 నాటి ఒక ఫిల్ములో బెల్ ల్యాబ్స్‌కే చెందిన బ్రయాన్ కెర్నిఘన్ ఇదే వరసను కెమెరా ముందు కట్టి చూపిస్తాడు. చూసి తీరాల్సిన ఫిల్మ్. 1986లో జాన్ బెంట్లీ తన పత్రికా శీర్షిక కోసం, ఎక్కువసార్లు వచ్చే పదాలను ఏరే ప్రోగ్రాం రాయమని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్‌ను అడిగాడు. నూత్ పేజీలకు పేజీలు అందంగా రాశాడు. సమీక్షకుడు మెకిల్‌రాయ్ దాన్ని మెచ్చుకుంటూనే అదే పనిని ఆరు కమాండ్లతో చేసి చూపించాడు. వాటిలో నాలుగోది యునిక్.

సార్ట్ అవసరం లేని దారి అప్పటికే ఉంది. నేతలో పోగులు లెక్కించే లూనోమీటర్ కనిపెట్టిన హాన్స్ పీటర్ లూన్, 1953లో ఐబీఎంలో హ్యాషింగ్ ఆలోచనను కాగితం మీద పెట్టాడు. ప్రతి వస్తువు నుంచీ ఒక అంకె పుట్టించి, ఆ అంకె గల గదిలో వేయడం. ఒకేలాంటివి ఒకే గదిలో పడతాయి. ఇవాళ్టి పైథాన్ సెట్, జావా హ్యాష్‌సెట్ చేసేదిదే. వేగం చాలా పెరిగింది.

పోయినదీ తక్కువేం కాదు. సార్ట్ చేసిన జాబితాలో లక్ష్మి కిందే లక్ష్మీ కనిపించేది, ఇద్దరూ ఒకరేనేమోనని కంటికి అనుమానం తగిలేది. హ్యాషింగ్‌లో ఒక్క దీర్ఘం తేడా ఉంటే చాలు, ఆ రెండూ ఎక్కడెక్కడో పడతాయి. ఆ చూపు పోవడం నాకు నిజంగా బాధే.

కంప్యూటర్లు పుట్టకముందే ఆ చూపును సూత్రంగా మార్చినవాడున్నాడు. పిట్స్‌బర్గ్ వాసి రాబర్ట్ రస్సెల్ 1918లో, ఒకేలా వినిపించే పేర్లను ఒకచోట చేర్చే సౌండెక్స్ పద్ధతికి పేటెంట్ పొందాడు. అది పేరులో మొదటి అక్షరం ఉంచి, అచ్చులు వదిలేసి, దగ్గరి ధ్వనుల హల్లులకు ఒకే అంకె ఇస్తుంది. ఇంగ్లిషులో కేఎస్‌హెచ్‌తో రాసిన లక్ష్మి, ఎక్స్‌తో రాసిన లక్ష్మి, రెండూ ఎల్-250 అవుతాయి. మొదటి అక్షరాన్ని ముట్టుకోదు కనక, జీతో రాసిన జ్ఞానేశ్వర్, జేతో రాసిన జ్ఞానేశ్వర్ మాత్రం ఇద్దరుగానే మిగులుతారు.