బియ్యం మూట, పేర్ల పుస్తకం

కేథలిక్ బడిపిల్లల సేవ అనగానే చాలామందికి బ్యానర్ కట్టి బియ్యం మూటలు పంచే ఫొటో కళ్లముందు మెదులుతుంది. నాకు రూళ్ల నోటుబుక్కు మెదులుతుంది. ముప్ఫయ్యేళ్లు ఫాదర్ల బళ్లలో, సిస్టర్ల బళ్లలో సోషల్ చెప్పినవాణ్ని. ఊరు అంతర్వేది. మా పిల్లలు మోసిన మూటలకన్నా వాళ్లు రాసిన పేర్లే ఎక్కువ పనికొచ్చాయన్నది నా మాట.

మా వైపు నుంచి పంటెక్కి గోదావరి దాటితే నర్సాపురం. అక్కడ 1830లలో పాతుకున్న బౌడన్, బీర్ దొరలు ప్రొటెస్టెంట్లు. కేథలిక్ మఠకన్యలు కోనసీమకు ఆ చివర, ఫ్రెంచివాళ్ల యానాంలో, 1849లో దిగారు. సెయింట్ జోసఫ్ సభవాళ్లు, ఆన్సీ పట్నం నుంచి వచ్చారు. ఫ్రెంచి సిస్టర్లని మనం తేలిగ్గా అనేస్తాం గానీ ఆన్సీ అప్పటికింకా ఫ్రాన్సులో లేదు. సవాయ్ సీమ 1860లో గానీ అందులో కలవలేదు. యానాం నుంచి వాళ్లు విశాఖపట్నం వెళ్లారు. బడి పెట్టడం, రోగుల్ని చూడటం వాళ్లకి ఒకటే పని.

కుర్రాళ్లని ఈ పనిలోకి దించిన ఆనవాయితీ మాత్రం పారిస్‌లో మొదలైంది. ఫ్రెడరిక్ ఓజనాం అనే లా విద్యార్థి 1833 ఏప్రిల్ 23న, సరిగ్గా తన ఇరవయ్యో పుట్టినరోజున, నలుగురైదుగురు స్నేహితులతో కలిసి ఒక సంఘం పెట్టాడు. అదే తరవాత విన్సెంట్ డీ పాల్ సొసైటీ అయింది. మీ మతం పూర్వం గొప్ప పనులు చేసిందేమో, ఇప్పుడేం చేస్తోంది అని తోటి విద్యార్థులు ఎద్దేవా చేస్తే పుట్టిన పట్టుదల అది. ఎవరింటికెళ్లాలో, రొట్టె చీట్లు ఎలా ఇవ్వాలో వాళ్లకి నేర్పింది రోజలీ రాండ్యూ అనే సిస్టరు. పేదవాణ్ని గుమ్మానికి రప్పించుకోకూడదు, మనమే వాడి గుమ్మానికి వెళ్లాలన్నది ఆ సంఘం పద్ధతి. నాకు ఓజనాం నచ్చింది అక్కడే.

ఆ పద్ధతి అర్థమయ్యేసరికి నాకు పంతొమ్మిదేళ్లు. విజయవాడలో జెస్యూట్ ఫాదర్ల ఆంధ్ర లయోలా కాలేజీలో చదువుతున్నాను. జెస్యూట్ సభ మొత్తానికి పెద్ద, పెద్రో అరూపే, 1973లో స్పెయిన్‌లో తమ బళ్ల పూర్వ విద్యార్థుల్ని కూచోబెట్టి, ఇతరుల కోసం బతకలేని చదువు చదువే కాదన్నట్టు మాట్లాడితే కొందరు పెద్దింటివాళ్లు నొచ్చుకున్నారట. మాకేమో అది బోధన గంటలో విని మరిచిపోయే సంగతి. 1969లో మొదలైన ఎన్నెస్సెస్, అంటే జాతీయ సేవా పథకం, ఉండేది. శనివారం పార పట్టుకుని రోడ్డు పక్క మట్టి తీసేవాళ్లం, ఆదివారం సినిమాకి పోయేవాళ్లం.

1977 నవంబరు 19, అదీ శనివారమే, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సర్కారు లెక్కలోనే పోయినవాళ్లు పదివేలకు దగ్గర. ఆ ప్రాంతం నాయకులు మండలి వెంకట కృష్ణారావు గారు సహాయం పనుల్లో ముందు నిలబడ్డారు. మదర్ థెరిసా వచ్చారు. ఆరెస్సెస్ వాళ్లు, రామకృష్ణ మిషన్ స్వాములు, మా ఫాదర్లు, అందరూ ఆ బురదలోనే. మొదటి వారం శవాలే. ముక్కుకి కర్పూరం గుడ్డ కట్టుకునేవాళ్లం. తడి కట్టెలు అంటుకోకపోతే కిరోసిన్ పోసేవాళ్లం. ఇంతకన్నా రాయను.

అసలు పని ఆ తరవాత వచ్చింది. పంచడానికి లారీలు వస్తున్నాయి, రోడ్డు పక్కన నిలబడగలిగినవాడికే అందుతున్నాయి. మా గుంపుకి ఒక ఫాదరు నోటుబుక్కులిచ్చి లోపలి పాలేలకు తోలారు. ఇంటి పేరు, బతికినవాళ్లు, పోయినవాళ్లు, గొడ్లు, వల, పడవ: ఇవీ గళ్లు. రెండో రోజుకే గళ్లు చాలలేదు. వరికోతలకి వేరే ఊళ్ల నుంచి వచ్చిన కూలీలు పాకల్లో పడుకుని అలాగే కొట్టుకుపోయారు. వాళ్లు ఆ ఊరి ఓటర్ల జాబితాలో లేరు, రేషను పుస్తకంలో లేరు. ఎవరి చేలో దిగారో ఆ రైతుని అడిగి, మేస్త్రీ పేరు పట్టుకుని, ఊరు రాబట్టాలి. రాయకపోతే ఆ మనిషి పుట్టనట్టే. పారపని నాకేమీ నేర్పలేదు, ఆ గళ్లు నేర్పాయి.

ఆ 1977లోనే ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దేశంలోని బడులకి ఎస్‌యూపీడబ్ల్యూ అనే గంట సిఫారసు చేసింది. సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అన్నమాట. కాన్వెంటు పిల్లలు దాన్ని ‘సమ్ యూస్‌ఫుల్ పీరియడ్స్ వేస్టెడ్’ అని వెక్కిరించేవాళ్లు. నేను మాస్టర్నయ్యాక నా క్లాసులో కాగితం పూలు చేయించిన పాపం నాదీ ఉంది కనక కోప్పడేవాణ్ని కాదు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మా కోనసీమ మీదే పడింది. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరితోటలు దువ్విన తలలా ఒకే వాటున పడిపోయాయి. మళ్లీ నాటిన మొక్క కాపుకి ఆరేడేళ్లు. చెట్లు కొట్టి దారి చేసే పని పెద్దవాళ్లు చేశారు, మా తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని నేను కాగితాల మీద కూచోబెట్టాను. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్లి తిరిగిరానివాళ్లకి శవం లేదు. శవం దొరకని మనిషి చనిపోయాడని చట్టం అనుకోవాలంటే ఏడేళ్లు గడవాలి. ఈలోగా ఇంటామె విధవా కాదు, పునిస్త్రీ కాదు, పరిహారానికి అర్హురాలూ కాదు. అందుకే ఏ బోటు, ఏ పూట, పక్కనెవరున్నారు, ఒడ్డున చూసిందెవరు అని పిల్లలు అడిగి రాసేవాళ్లు. “మాస్టారండీ, ఈవిడ మొగుడి పేరు చెప్పనంటందండి” అని ఒక పిల్ల వచ్చింది. పక్కింటావిడ చేత చెప్పించి రాయించాం.

2019లో ప్రభుత్వం యాభై ఇళ్లకొకరు చొప్పున నెలకి అయిదువేలిచ్చి వాలంటీర్లని పెట్టింది. జాబితా పని వాళ్ల ఫోన్లలోకి పోయింది. 2024 ఎన్నికల తరవాత వాళ్లూ లేరు. పిల్లలు మాత్రం బ్యానర్ దగ్గరే ఆగిపోయారు. భీష్మ ఏకాదశి తీర్థం అయ్యాక సముద్రపొడ్డున ప్లాస్టిక్ ఏరతారు, అనాథాశ్రమానికి పళ్లు పట్టుకెళతారు. తప్పనను. కానీ పల్లిపాలెంలో వేలిముద్ర పడక పింఛను ఆగిన ముసలివాళ్లున్నారు, వాళ్లకి అర్జీ రాయడానికి నెలకో శనివారం పంపించండమ్మా అని ఈమధ్య ఒక సిస్టరు గారిని అడిగాను. ఆవిడ సేవా కార్యక్రమాల సర్క్యులర్ తీసి చూశారు.

“పంపొచ్చు మాస్టారూ. దీనికి ఫొటో ఏం పెట్టమంటారు?”