కార్డు నుంచి కార్ల ఫ్యాక్టరీ దాకా

హిందూపురం ప్రాంతంలో ఉద్యోగార్థికి చాలాకాలం మొదటి మెట్టు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీయే. ఖాళీలను దానికి తప్పనిసరిగా తెలపాలన్న చట్టం 1959లో వచ్చింది. పేరు నమోదు చేయించుకున్నవారు మూడేళ్లకోసారి కార్డు రెన్యువల్ చేయించుకుంటూ కాల్ లెటర్ కోసం ఎదురుచూసేవారు. గడువు దాటితే సీనియారిటీ పోయేది. పేదింటి పిల్లలకు అది చిన్న నష్టం కాదు. వానలు ముఖం చాటేసే ఈ నేలలో సేద్యం గిట్టనివారికి ధర్మవరం పట్టుమగ్గాలు, తూముకుంట ఫ్యాక్టరీలు, కాదంటే వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరే దిక్కు.

2017లో పెనుకొండ దగ్గరి ఎర్రమంచికి కియా కార్ల కర్మాగారం ఖరారై, 2019లో ఉత్పత్తి మొదలైంది. ఐటీఐ, డిప్లొమా చదివినవారికి ఇంటి దగ్గరే ఆశ పుట్టింది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని అదే ఏడు రాష్ట్రం చట్టం చేసింది. ఆ ఏడే రాష్ట్రవ్యాప్తంగా గ్రామ, వార్డు సచివాలయాల్లోని సుమారు 1.26 లక్షల పోస్టులకు 20 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి.