మూత్రపిండాలు

పొట్ట వెనక గోడకు ఆనుకుని, వెన్నెముకకు అటొకటి ఇటొకటిగా చిక్కుడుగింజ ఆకారంలో ఉండే అవయవాలు మూత్రపిండాలు. వాడుకలో కిడ్నీలు. పెద్దవారిలో ఒక్కొక్కటి 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు, సుమారు 150 గ్రాముల బరువు ఉంటుంది. పైన కాలేయం ఉండటంతో కుడివైపుది కాస్త కిందికి జరిగి ఉంటుంది. విసర్జక వ్యవస్థలో ఇవే ప్రధానం. మూత్రాన్ని కిందికి తెచ్చే మూత్రనాళాలు, నిలవ ఉంచే మూత్రాశయం, బయటికి పంపే ప్రసేకం తక్కిన భాగాలు.

రక్తాన్ని శుభ్రం చేసే జల్లెడలని వీటికి పేరు. ఆ మాట వీటి పనిలో చిన్న భాగానికే సరిపోతుంది. వడకట్టడానికి గుండె ఇచ్చే ఒత్తిడి చాలు. వడకట్టిన దానిలోంచి ఏది వెనక్కి తీసుకోవాలి, ఎంత తీసుకోవాలి అన్నది తేల్చడానికే మూత్రపిండం తన శక్తిలో ఎక్కువ భాగం ఖర్చు చేస్తుంది.

మూత్రపిండాన్ని నిలువుగా కోస్తే వెలుపల వల్కలం, లోపల దవ్వ కనిపిస్తాయి. ఈ రెండింటిలోనూ పరుచుకుని, మూత్రాన్ని తయారుచేసే సూక్ష్మ భాగాలైన నెఫ్రాన్లు దాదాపు 10 లక్షలు ఉంటాయి. పుట్టిన తర్వాత కొత్త నెఫ్రాన్లు ఏర్పడవు, వయసుతో తగ్గుతూ పోతాయి. నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాల ముద్ద ఒకటి, దాన్ని పొదువుకుని గిన్నెలాంటి గుళిక ఉంటాయి. ఆ ముద్దలను 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు మార్సెల్లో మాల్పీజీ సూక్ష్మదర్శినిలో చూశాడు. వాటి చుట్టూ ఉన్న గుళికే సాగి నాళికగా మారుతుందని 1842లో లండన్ వైద్యుడు విలియం బౌమన్ చూపించాడు. దవ్వలోకి దిగి మళ్లీ పైకి వచ్చే నాళిక భాగాన్ని 1862లో జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త యాకోబ్ హెన్లీ వర్ణించాడు. అదే హెన్లీ శిక్యం.

శరీరం బరువులో అర శాతం కూడా లేని ఈ జంటకు గుండె పంపే రక్తంలో ఐదో వంతు చేరుతుంది. అందులోంచి నిమిషానికి 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్ల ద్రవం నాళికల్లోకి దిగుతుంది. ఒంట్లో ఉన్న ప్లాస్మా మూడు లీటర్లే కాబట్టి అదే ద్రవం రోజుకు 60 సార్లు వడపోతకు వస్తుందన్నమాట. మూత్రంగా పోయేది మాత్రం లీటరో, రెండు లీటర్లో. భోగికి ముందు ఇల్లు సర్దేవాళ్లు సామానంతా వాకిట్లో పెట్టి, కావలసినవే లోపలికి తెచ్చుకుంటారు. మూత్రపిండం పద్ధతీ అదే. చెత్త ఏదో గుర్తుపట్టనక్కర్లేదు, కావలసింది గుర్తుపడితే చాలు. ఒంటికి ఎన్నడూ పరిచయం లేని కొత్త మందు కూడా బయటికి పోగలగడానికి ఇదొక కారణం.

గుళికను దాటగానే వచ్చే మెలికల నాళికలోనే సోడియం, నీరు మూడింట రెండు వంతులు రక్తంలోకి తిరిగి చేరతాయి. గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు దాదాపు పూర్తిగా వెనక్కి వస్తాయి. అయితే గ్లూకోజ్‌ను మోసే ప్రొటీన్లకు ఒక హద్దు ఉంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మిగిలింది మూత్రంలో పడుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు కావాలనే ఈ మోతను అడ్డుకుని చక్కెరను బయటికి పంపేస్తాయి. మధుమేహం కోసం వచ్చిన ఈ మందులు మూత్రపిండాలనూ కాపాడతాయని తర్వాత తేలింది.

హెన్లీ శిక్యం దవ్వ లోతుల్లో ఉప్పును పోగు చేస్తుంది. ఆ ఉప్పే చివరి నాళికల్లోంచి నీటిని లాగుతుంది. ఎంత నీరు రావాలన్నది పీయూష గ్రంథి విడుదల చేసే వాసోప్రెస్సిన్ చెబుతుంది. ఎండలో చెమటోడ్చినప్పుడు ఈ హార్మోన్ పెరిగి మూత్రం చిక్కబడుతుంది. సారా దీన్ని అణచివేస్తుంది కనుకే తాగినవాడు మాటిమాటికీ లేచి వెళ్తాడు. ఎంత చిక్కబరచినా రక్తం కన్నా నాలుగు రెట్లే సాధ్యం. సముద్రపు నీటి ఉప్పును వదిలించుకోవడానికి అది చాలదు, తాగిన నీటికన్నా ఎక్కువ నీరు ఒంట్లోంచి పోతుంది.

మిగతా వ్యవస్థలతో వీటి సంబంధం మూత్రంతో ఆగదు. ఎర్ర రక్తకణాలు తయారుచేయమని ఎముక మజ్జను పురమాయించే ఎరిత్రోపాయిటిన్ ఇక్కడిదే. కిడ్నీ రోగులు రక్తహీనతతో పాలిపోవడం, వారికి ఆ హార్మోన్‌ను ఇంజెక్షన్‌గా ఇవ్వడం ఇందుకే. విటమిన్ డి పనికొచ్చే రూపానికి మారేది ప్రధానంగా ఇక్కడే కాబట్టి కిడ్నీ చెడితే ఎముకలూ దెబ్బతింటాయి. రక్తపోటును పెంచే రెనిన్‌ను 1898లో స్టాక్‌హోమ్‌లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ కుందేలు మూత్రపిండం నుంచే రాబట్టారు. రక్తంలోని ఆమ్లాన్ని అదుపులో ఉంచడంలో మూత్రపిండాలు ఊపిరితిత్తులతో కలిసి పనిచేస్తాయి: అవి నిమిషాల్లో సర్దుతాయి, ఇవి రోజుల మీద.

మూత్రపిండ వ్యాధి చాలాకాలం బయటపడదు. కండరాల నుంచి వచ్చే క్రియాటినిన్ రక్తంలో స్పష్టంగా పెరిగేసరికి మూత్రపిండాల పనితీరు సగం దాకా పోయి ఉండవచ్చు. దీర్ఘకాలిక వ్యాధికి మధుమేహం, అధిక రక్తపోటు ముఖ్య కారణాలు. ఏళ్ల తరబడి మింగే నొప్పి మాత్రలూ హాని చేస్తాయి. పూర్తిగా చెడితే దారులు రెండే, డయాలసిస్ లేదా మార్పిడి. నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో విలెమ్ కోల్ఫ్ 1943లో సెల్లోఫేన్ గొట్టాలతో తొలి కృత్రిమ మూత్రపిండాన్ని రోగిపై వాడాడు. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం ఒక కవల సోదరుడి కిడ్నీని రెండో సోదరుడికి అమర్చింది. మన దేశంలో 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మార్పిడి విజయవంతమైంది. సాధారణంగా పాత కిడ్నీలను తీసేయరు, కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ వ్యాధి లెక్క వేరు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో కొబ్బరి, జీడి తోటల్లో కష్టపడేవారిని, చాలామందికి మధుమేహం లేకుండానే, ఇది దశాబ్దాలుగా పీడిస్తోంది. భూగర్భ జలం, ఎండలో శ్రమ, పురుగుమందులు అంటూ అనుమానాలున్నా కారణం నిర్ధారణ కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో ఇలాంటి వ్యాధే ఉంది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఊళ్లకు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. మధుమేహం మొదట వడపోత ముద్దలను దెబ్బతీస్తే, ఉద్దానం వ్యాధి నాళికలను, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని పట్టుకుంటుంది. అందువల్ల మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్ల వాపూ తొందరగా కనిపించదు. ఒక్క మూత్ర పరీక్షతో సరిపెడితే రోగి చేజారిపోతాడు, రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి.