ఉసిరి కొమ్మ కింద ఎవరి పంక్తి?

కార్తీకంలో ఆదివారం వస్తే భోగాపురం తీరాన సరుగుడు తోటలు జనంతో నిండిపోతాయి. వనభోజనం ఉసిరి చెట్టు కింద చేయాలన్నది ఆచారం. ఇసుక నేలలో ఉసిరి దొరక్కపోతే ఒక కొమ్మ తెచ్చి పాతుతారు. దానికి పసుపు కుంకుమలు పెట్టి, దీపం వెలిగించి, కాస్త ఎడంగా గాడిపొయ్యి తవ్వుతారు. నిజానికి సరుగుడు కూడా ఈ నేలది కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషువారి పాలనలో వంటచెరకు కోసం మద్రాసు రాజధాని తీరంలో నాటడం మొదలుపెట్టిన చెట్టు అది. చెట్టు విషయంలో ఇంత సర్దుకున్న ఆచారం, పక్కన ఎవరు కూర్చోవాలన్న విషయంలో మాత్రం ఇప్పటికీ బిగుసుకునే ఉంది. కార్తీకం వస్తే కులాలవారీ వనభోజనాల ఫ్లెక్సీలు ఊరూరా వెలుస్తాయి.

పూర్వం అందరూ కలిసే తినేవారని చెబితే అది అబద్ధమవుతుంది. పంక్తిభేదం పాతదే. అయితే దాన్ని దాటే ప్రయత్నాలూ ఈ ప్రాంతానికి కొత్త కావు. భీమిలికి దక్షిణాన ఉన్న తొట్లకొండ మీద 1988 తర్వాత జరిపిన తవ్వకాల్లో విహారాలతో పాటు వంటశాల, భోజనశాల బయటపడ్డాయి. అంటే సుమారు రెండు వేల ఏళ్ల కిందటే ఇక్కడి బౌద్ధ భిక్షువులు ఒకచోట కూర్చుని తిన్నారు. విజయనగరంలో స్థిరపడిన గురజాడ అప్పారావు 1910లో ‘ముత్యాల సరములు’ రాస్తూ, ఆ ఏడు కనిపించిన హేలీ తోకచుక్కనూ కులాలు కలిసిన సహపంక్తి భోజనాన్నీ ఒకే కవితలోకి తెచ్చారు. ఉమ్మడి పంక్తి వారసత్వంగా రాలేదు. ఎవరో ఒకరు పూనుకున్నప్పుడల్లా ఏర్పడింది.

పూనుకోవడానికి కార్తీకం కంటే అనువైన నెల లేదు. చాలా ఇళ్లు ఈ నెలలో నీచు ముట్టవు కాబట్టి పులిహోర, ముద్దపప్పు, గుత్తివంకాయ, దద్దోజనం వడ్డిస్తే ఎవరికీ పేచీ ఉండదు. కులసంఘాల భోజనాల్లో పేదపిల్లల చదువుకు సాయం అందుతుందని, సంబంధాలు కుదురుతాయని అంటారు. నిజమే, కానీ ఆ పనులు ఏ కల్యాణమండపంలోనైనా, ఏ నెలలోనైనా చేసుకోవచ్చు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల మాటేమిటన్న ప్రశ్న ఇంకా గట్టిది. నమ్మేవాళ్లు పూజను పొద్దున్నే ముగించుకుని, భోజనమూ ఆటలూ వీధి అందరివీ చేస్తే దానికి జవాబు దొరుకుతుంది. శాకాహారమే ఎందుకని ఈ తీరంలోని ముక్కాం ఊరి మత్స్యకారుడు అడిగితే అదీ న్యాయమే. కార్తీకం వెళ్లాక మరో ఆదివారం అతని చేపల పులుసుతో ఇంకో పంక్తి వేయాలి.

విమానాశ్రయం కోసం ఇళ్లు వదిలి కొత్త కాలనీలకు చేరిన కుటుంబాలు భోగాపురంలో ఉన్నాయి. పని వెతుక్కుంటూ కొత్తవాళ్లూ వస్తున్నారు. ఒకరి పేరు ఒకరికి తెలియని వీధులు పెరుగుతున్న ఈ కాలంలో, వచ్చే కార్తీకానికి పిలుపుల జాబితా కులం చూసి కాక వీధి చూసి రాయండి.